ఇరవై ఒక్క వేళ్ల ఇల్లు

మూడో నెల పున్నమి దాటిన మూడో రోజు

చిరంజీవి లూ రస్మినికి నాన్న దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేను, మీ అమ్మ, రెండు పందులు, పునుగుపిల్లి ఎత్తుకుపోగా మిగిలిన ఏడు కోళ్లు బాగానే ఉన్నాం. ఆ ఎర్రనీళ్ల నది మధ్యన నువ్వూ ఒంట్లో బాగుండి, వేళకు తింటూ ఉన్నావని అనుకుంటున్నాను. నీ ఉత్తరం సంతరోజున చేరింది. అమ్మ నాచేత రెండుసార్లు చదివించుకుని, నా మీద నమ్మకం లేక మూడోసారి తనే కూడబలుక్కుని చదువుకుంది. నేనేమైనా దాచానేమోనని దాని అనుమానం.

ముందు అమ్మ అడగమన్నవి అడిగేస్తాను. అక్కడి చేపల్లో ముళ్లు ఎక్కువన్నావు కదా, తింటూ మాట్లాడకు. నువ్వు పంపిన చీర అంచు బాగుంది, రంగు మాత్రం వయసులో ఉన్నవాళ్లదట, అయినా పండక్కి కట్టుకుంటుందట. నీతో పనిచేసే ఆ సింగరాజా ఊరి అబ్బాయి, ఇంటికి రెండోవాడన్నావే, ఇంకా రోజూ పొద్దున నీకు కాఫీ తెచ్చిస్తున్నాడా అని కనుక్కోమంది. నేనైతే అడిగేవాణ్ణి కాను. అమ్మ నా వెనకాలే నిలబడి ఉంది కాబట్టి రాశాను.

నువ్వు అడిగినవి మూడు. సుత్తి పిడి అయిందా, ఎవరో చెప్పారట, నేను చెంచాతో ఎందుకు తింటున్నాను, కాగితాల్లేకుండా నా పనిలో మార్పుల్ని ఎలా నెట్టుకొస్తాను. మూడింటికీ జవాబు చెబుతాను. కాస్త ఓపిక పట్టు. ఒకదానిలోంచి ఒకటి లాగితేగానీ రావు.

ముందుగా నీ వంతెన సంగతి. నది అడుగున మట్టి గీసిన పటంలో ఉన్నట్టు లేదని తెలిసి, ఒక స్తంభాన్ని రెండున్నర మీటర్లు పక్కకు జరిపారని రాశావు. ఆ ముక్క నేను కాఫీ కొట్టులో అందరికీ చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నారు. నేను నలభై ఏళ్లుగా స్తంభాలు నిలబెడుతున్నాను, నా స్తంభం కింద ఏముందో ఒక గునపం పోటుతో తెలిసిపోతుంది. నువ్వు నిలబెట్టేది నీళ్ల కింద, చీకట్లో, నీ కంటికి కూడా కనపడని చోట. దాని మీద రేపు లారీలు పోతాయి. నా కడుపున పుట్టినదానివి, ఇంతదానివి ఎప్పుడయ్యావు అనిపించి, ఆ పూట చేతికి పనే సాగలేదు.

ఒక్క మార్పుకు కూడా మీ దగ్గర ఫారం ఉంటుందన్నావు. ఏం మారుతోంది, ఎందుకు మారుతోంది, దానివల్ల ప్రభావం పడేది ఎవరి మీద, కింద మూడు సంతకాలు. మూడూ పడేదాకా ఒక్క బోల్టు కదలదట. "నీకు అవేం లేవు కదా నాన్నా, మధ్యలో ఎవరైనా మార్చమంటే ఏం చేస్తావు?" అన్నావు.

మధ్యలో మార్చమనేవాళ్లు నాకు ఎవరో ఎందుకు, మీ పెద్దనాన్న ఉన్నాడుగా. భూకంపానికి మన తూర్పు మండపం కూలిపోయినప్పటి నుంచీ రోజూ వస్తున్నాడు. ఈడొచ్చాక నీ పళ్లు అరగదీసిన వేడుక అందులోనే జరిగింది, మీ తాతను చివరిసారి పడుకోబెట్టిందీ అందులోనే, కాబట్టి అది లేని ఇల్లు ఇల్లు కాదని నాకూ తెలుసు. పెరట్లో పనసచెట్టు కొట్టి ఆరు స్తంభాలు తీశాను. నువ్వెక్కి కూర్చుని దిగనని మొండికేసిన చెట్టే. కొట్టే ముందు దానికి పూజ చేసి, నీ తరఫున కూడా క్షమించమని అడిగాను.

మీ పెద్దనాన్న మొదటి వారం గడ్డికప్పు వద్దు, పెంకు వెయ్యమన్నాడు. పెంకంటే బరువు, దూలాలు లావు కావాలి. సరేనన్నాను. రెండో వారం అరుగు ఎత్తు పెంచమన్నాడు. పెంచితే మెట్లు పెరుగుతాయి, మెట్లు పెరిగితే వాకిలి కుంచించుకుపోతుంది. అదీ చేశాను. మూడో వారం వచ్చి, "తమ్ముడూ, ఇటు రెండు జానలు పెంచరా, రేపు టీవీ పెట్టుకోవాలంటే చోటెక్కడ?" అన్నాడు.

"కొలతపుల్ల ఒప్పుకోదన్నయ్యా."

"పుల్లకేం తెలుసురా టీవీ గురించి?"

"టీవీ గురించి తెలీదు, నా గురించి తెలుసు. నా ఒంటి కొలత దాటి ఒక్క వెంట్రుక జరగనివ్వదు."

"నువ్వు కాదనలేక పుల్ల మీద తోస్తున్నావు" అని విసుక్కుంటూ పోయాడు. నిజమే. కాదనడానికి దానంత మంచి సాకు మీ ఇంజనీర్ల దగ్గర కూడా ఉండదు.

అదేనమ్మా నా ఫారం. ఇంటి యజమాని చూపుడు వేలి పొడుగు, జాన, బార అన్నీ వెదురుపుల్ల మీద గాట్లు పెట్టుకుంటాం. స్తంభం ఇన్ని వేళ్లు, వాసం ఇన్ని జానలు, రెండు మండపాల మధ్య ఇన్ని అడుగులు, అన్నీ అతని ఒంటిలోంచే రావాలి. ఎవరేం మార్చమన్నా ఆ పుల్ల మీద ముక్కలు మిగలని నిండు లెక్క పడాలి, పడకపోతే ఆ మార్పు లేదు. నిండు లెక్క పడ్డాక కూడా చివర కాస్త కొసరు వెయ్యాలి. సంతలో కూరగాయలమ్మి గుప్పెడు ఎక్కువేసినట్టే. ఆ కొసరే ఇంటికి ప్రాణం. అది లేకుండా కచ్చితంగా కోసిన స్తంభం ఒట్టి కట్టె. నాకు పని నేర్పినాయన కొసరు వేసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. ఎందుకని అడిగితే, "ఇక్కడి దాకా మన పని, ఇక్కణ్ణుంచి మనది కాదు" అన్నాడు. నాకు అప్పుడు ఇరవై ఏళ్లు. నవ్వు వచ్చింది. ఇప్పుడు రాదు.

నా చూపుడు వేలితో ఇరవై వేళ్లు, పైన కొసరు. ఆరు స్తంభాలూ అలా కోసి పెట్టాను. ఇక చెంచా సంగతి.

బెజ్జాలు తొలుస్తున్న రోజు మీ పెద్దనాన్న మళ్లీ వచ్చాడు. ఈసారి టీవీ కాదు. "ఒరేయ్, ఈ మండపం నీ తర్వాత ఎవరిది? మగపిల్లాడు లేడు. పిల్ల రేపు పెళ్లి చేసుకుని వేరే ఇంటి దేవుళ్లకు దండం పెట్టుకుంటుంది. ఇప్పుడే మా అబ్బాయి సుమెర్తను దత్తత రాసేసుకో, వాడి కొలతతోనే కట్టు, రేపు మళ్లీ కూల్చే పని ఉండదు" అన్నాడు. తప్పు మాటేమీ అనలేదు. అందరూ అనుకుంటున్నదే అన్నాడు. నాకు మాత్రం చెవుల్లో హోరెత్తిపోయింది. కోపంగా ఉన్నప్పుడు బాడిసె పట్టకూడదని నేనే పది మందికి నేర్పాను. ఆ రోజు పట్టాను.

పుల్ల నా ఎడమ చేతిలో, కుడిచేతిలో బాడిసె ఉండాలి కదా అంటావు. మీ పెద్దనాన్నకు పుల్ల చూపించి ఏదో అనబోయి, చేతులు మార్చాను. ఒక్క దెబ్బ. వెదురుపుల్ల నిలువునా చీలిపోయింది, దాంతో పాటు నా కుడి చూపుడు వేలి కొన, గోరు దాకా.

భయపడకు. మానిపోయింది. ఇది జరిగి రెండు నెలలైంది. ఆసుపత్రిలో కుట్లు వేశారు, మీ అమ్మ పసుపు వేసింది, ఏది పనిచేసిందో వాళ్లిద్దరూ తేల్చుకోవాలి. అన్నం పిడికిట్లోకి సరిగా రాక చెంచా పట్టాను. నా అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని రాశావే, అందుకే. నీకు చెప్పకపోవడం నా నిర్ణయమే. అమ్మను తిట్టకు. నువ్వు నీళ్ల మీద పనిచేస్తూ నా వేలి గురించి ఆలోచిస్తే ఎలా?

నొప్పి కన్నా పెద్ద చిక్కు మరొకటి వచ్చిపడింది. పుల్ల మళ్లీ కొయ్యాలి. కొలవడానికి వేలు లేదు. కోసిన స్తంభం మీంచి వెనక్కి లెక్క కట్టొచ్చు కదా అని నీ ఇంజనీరు బుర్రకు తడుతుంది. కుదరదు. పుల్ల బతికున్న ఒంటి మీంచే రావాలి, కట్టె మీంచి కట్టెకు కొలత తియ్యకూడదు. ఎడమ వేలు పనికిరాదు. నలభై ఏళ్లలో ఎంతో మంది ఇళ్లకు వాళ్ల వాళ్ల వేళ్లు కొలిచాను, నా ఇంటికి నా దగ్గర కొలత లేకుండా పోయింది. ఆరు స్తంభాల ముందు కూర్చుని నేను ఏడ్చాను తల్లీ. నీకు రాయడానికి సిగ్గేం లేదు.

మీ పెద్దనాన్నకు దారి సుగమమైంది. సుమెర్తను మూడుసార్లు పంపాడు. వాడు నాకన్నా జానెడు పొడుగు. వాడి కొలతయితే ఈ స్తంభాలు పొట్టివైపోతాయి, చెట్టు మళ్లీ ఎక్కణ్ణుంచి తెస్తాను? మొదటిసారి మంచిరోజు కాదన్నాను, రెండోసారి వెదురు పచ్చిగా ఉందన్నాను. మూడోసారి వాడే నన్ను పందుల దొడ్డి వెనక్కి లాక్కెళ్లాడు.

"బాబాయ్, నీకు దండం పెడతా, నా వేలు కొలవకు."

"ఏరా, ఇల్లొస్తుంటే వద్దంటావా?"

"ఇల్లొక్కటే వస్తే ఓకే. దాంతో పాటు ఏడాదికి వంద పూజలొస్తాయి. నేను వ్యాన్ తోలుకోవాలా, కొబ్బరాకులు అల్లుకుంటూ కూర్చోవాలా? అక్కకిచ్చెయ్. చిన్నప్పుడు మన ఇంటి గుడిలో నైవేద్యాలు పెట్టింది అక్క. తిన్నది నేను."

వాడు నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఇల్లరికం తెచ్చుకుని ఆడపిల్లను ఇంటి యజమానిని చెయ్యడం పడమటి వైపు ఊళ్లలో మామూలే, మన కొండ మీద ఎవరూ చెయ్యలేదు. చెయ్యకూడదని కూడా ఎవరూ చెప్పలేదు. నేనే అడగలేదు.

ఆ వారమే నీ ఉత్తరం వచ్చింది. ఇప్పుడొచ్చినది కాదు, అంతకు ముందుది. కొత్త సుత్తికి పిడి చేసి పంపమని, పట్టు కోసం నీ కుడిచెయ్యి కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలు గీసి పంపావే, అది. నేను నేర్పినట్టే వేళ్ల మొదళ్ల దగ్గరా కణుపుల దగ్గరా గీతలు పెట్టావు. వేరే కాగితం దొరకలేదేమో, మీ మార్పుల ఫారం వెనకవైపు గీశావు. దాన్ని స్తంభం మీద పరిచాను. నీ చెయ్యి ఆ పనసచెక్క మీద అలా బోర్లా పడి ఉంది. నేను చాలాసేపు దాన్ని తాకలేదు.

ఇక్కణ్ణుంచి నేను చేసినది నిన్ను అడక్కుండా చేశాను.

నీ చూపుడు వేలు పుల్ల మీద గాటు పెట్టాను. మొదటి స్తంభానికి చెట్టు వేరు వైపున్న చివర నుంచి లెక్క మొదలుపెట్టాను. ఇరవై దాకా వచ్చింది, కొసరుకు మించి కట్టె మిగిలింది. ఇరవై ఒకటి వేస్తే నాలుగు వేళ్ల మందం మేర గాల్లోకి పోయింది. నిండు లెక్క లేదు, కొసరు లేదు. ఆరింటికీ అంతే. నా బుద్ధికి తగిన శాస్తి అనుకుని పుల్ల కింద పెట్టేశాను.

మర్నాడు పొద్దున మీ అమ్మ కొబ్బరాకులు కోస్తుంటే ఉన్నట్టుండి తట్టింది. వెళ్లి దాని కుడిచెయ్యి పట్టుకుని కాగితం మీద పెట్టాను.

"ఏమయ్యా, ముసలితనంలో చేతులు పట్టుకోవాలని బుద్ధి పుట్టిందేంటి?"

"కదలకు."

"పెళ్లైన కొత్తలో ఇంత ఆశ లేదు నీకు. కత్తి పక్కన పెట్టనీ, నీకు మిగిలినవి తొమ్మిదిన్నరే."

దాని చెయ్యి చుట్టూ పెన్సిలు గీసి, ఆ గీతనూ అసలు వేలినీ పక్కపక్కన కొలిచాను. గీత పెద్దది. సరిగ్గా అర పెన్సిలు మందం ఎక్కువ. ఇన్నేళ్ల వడ్రంగం చేసి, పెన్సిలుకు ఒళ్లుంటుందని మరిచిపోయాను! నీ వేలని నేను కొలిచింది నీ వేలూ, పెన్సిలూ కలిపి. ఇరవై ఒక్కసార్లు ఆ అర పెన్సిలు పోగై నాలుగు వేళ్ల మందమైంది.

కొత్త వెదురు కోసి, అర పెన్సిలు తీసేసి గాటు పెట్టాను. మళ్లీ వేరు చివర నుంచి లెక్కపెట్టాను. మీ అమ్మ పక్కన కూర్చుని పైకి లెక్కపెడుతోంది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. ఇరవై ఒకటి దగ్గర పుల్ల ఆగింది. పైన కట్టె మిగిలింది. ఎంతో తెలుసా? కొసరంత. వెంట్రుక ఎక్కువ లేదు, తక్కువ లేదు.

ఆరు స్తంభాలు, లూ. ఆరింటికీ అదే. నేను నా ఒంటితో ఇరవై వేళ్లు కోసి కొసరు వేసిన కట్టె, నీ ఒంటితో ఇరవై ఒక్క వేళ్లు, కొసరు. ఒక్క ముక్క కొయ్యాల్సిన పని లేదు. నువ్వు పుట్టక ముందు నాటిన చెట్టు. నీ వేలు నా వేలిలోంచి వచ్చింది కాబట్టి ఇందులో వింతేముంది అని నీ చదువు చెబుతుందేమో, చెప్పనీ.  మీ అమ్మ లెక్క ఆపేసి, చేతిలో ఉన్న కొబ్బరాకును తీసి స్తంభం మీద పెట్టి దండం పెట్టింది. పని నేర్పినాయన ఊపిరి ఎందుకు బిగబట్టేవాడో నాకు ఆ రోజు అర్థమైంది.

పది రోజుల క్రితం స్తంభాలు నిలబెట్టాం. వాడ జనమంతా వచ్చారు. పనసకాయ తరిగి కొబ్బరి కలిపిన లావరు, కల్లు, ఒకరి మీద ఒకరు జోకులు. చెట్టు నిలబడ్డట్టే వేరు వైపు కిందికి ఉందో లేదో ఆరింటికీ చూసుకుని, తాళ్లు పట్టి లేపాం. ఆరో స్తంభం అరుగు రాయి మీద కూర్చున్నప్పుడు ఒక చప్పుడొచ్చింది, గంట మూతి మీద అరచెయ్యి వేసినట్టు. అందరూ తలెత్తారు. దూలాలు ఎవరూ సుత్తి వెయ్యకుండానే బెజ్జాల్లోకి దిగాయి. ఇంత ఒద్దికగా కూర్చున్న కట్టడం నా చేతుల మీద ఇంతవరకు లేదు. పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా దాని చుట్టూ తిరుగుతూ, గొంతు తగ్గించి మాట్లాడారు.

మీ పెద్దనాన్న స్తంభం నిమిరి, "ఎవరి కొలతరా ఇది?" అన్నాడు.

"నాదే అన్నయ్యా" అన్నాను.

సొంత అన్నకు, అందరి ముందు, నిలబెట్టిన స్తంభం సాక్షిగా అబద్ధం చెప్పాను. అదే నన్ను తినేస్తోంది. వచ్చే నెల, నాలుగో నెల పున్నమికి, ఇంటికి ప్రాణం పోసే పూజ. పూజారి యజమాని పేరు అడుగుతాడు. ఆ పేరు చెప్పి, ఆ పుల్లను కప్పులో కట్టాలి. అప్పుడు అబద్ధం పనికిరాదు. నీ పేరు చెబితే ఈ ఇల్లు, ఇంటి గుడి, నా తర్వాత నా అంత్యక్రియలు, వంద పూజలు, అన్నీ నీవి. పెళ్లి చేసుకునేవాడు ఇక్కడికి రావాలి. ఇంటికి రెండోవాడైతే కాస్త సులువు. ఇదీ నేనడగడం లేదు.

నీ జీవితంలో ఇంత పెద్ద స్తంభాన్ని నీకు చెప్పకుండా జరిపేశాను. మీ వంతెన దగ్గర ఎవరైనా ఇలా చేస్తే నువ్వు వాణ్ణి పనిలోంచి తీసేస్తావు. అందుకే ఆ ఫారం వెనక్కి పంపుతున్నాను. ఒకవైపు నీ చెయ్యి ఉంది, రెండోవైపు నేను నింపాను. ఏం మారుతోంది అన్నచోట 'ఇంటి యజమాని' అని రాశాను. ఎందుకు అన్నచోట మొదట వేలు తెగడం గురించి రాసి, కొట్టేసి, 'మొదటే అడగాల్సింది' అని రాశాను. ప్రభావం ఎవరి మీద అన్నచోట నీ పేరు. మొదటి సంతకం నాది. రెండోది అమ్మది. నాలుగు రోజులు అరటాకు మీద సాధన చేసి పెట్టింది, గీత దాటినందుకు ఏమీ అనకు.

మూడో సంతకం నీది. ఇష్టం లేకపోతే అడ్డంగా గీసి పంపు. నాన్న అలగడు. మీ పెద్దనాన్న దగ్గరకు వెళ్లి, అబద్ధం చెప్పానని ఒప్పుకుని, సుమెర్త కాళ్లో గడ్డమో పట్టుకుంటాను. నువ్వు లేని ఇల్లయినా నిలబడే ఉంటుంది. నువ్వు నా కూతురివి కాకుండా పోవు. మీ దగ్గర మూడూ పడేదాకా బోల్టు కదలదన్నావు కదా, ఇక్కడా అంతే. నీ జవాబు వచ్చేదాకా కప్పు మీద ఒక్క పెంకు వెయ్యను.

ఇక మిగిలింది సుత్తి పిడి. స్తంభాలు తీయగా మిగిలిన పనస ముక్కతో చేశాను. ఉత్తరంతో పాటే మూటలో ఉంది. దాన్ని కూడా అదే పుల్లతో, అదే వేలితో కొలిచాను, కొసరు కూడా వేశాను. సంతకానికి ముందు ఆ పిడి ఒకసారి చేత్తో పట్టుకుని చూడు. నీ చేతిలో సరిగ్గా కూర్చుంటే, ఇల్లు కూడా అలాగే కూర్చుంటుంది. ఎక్కడైనా గుచ్చుకుంటే మొహమాటపడకుండా రాయి, నేను తప్పు కొలిచానని ఒప్పుకుంటాను.

అమ్మ ఆశీస్సులు. చేప ముళ్లు జాగ్రత్త.

ఇట్లు,
తొమ్మిదిన్నర వేళ్ల మీ నాన్న